ఎలుగుబంటి వాటా

"ఎలుగుబంటి వచ్చింది. రేపు పొద్దున్నే కోత."

వాల్టర్ ఆ మాట అనగానే చంద్రిక చేతిలో కత్తెర జారి బూటు మీద పడింది. తోటలో పనిచేసే వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చంద్రిక మాత్రం మూతి తుడుచుకుంది.

కొండవాలు మీద ఆ ద్రాక్షతోట వాల్టర్ వాళ్ళ తాత నాటింది. కింది వరసలన్నీ సెప్టెంబరులోనే కోసేస్తారు. పై వాలులో తెల్లద్రాక్షని మాత్రం నవంబరు దాకా తీగ మీదే వదిలేస్తారు. చలికి కాయ ముడతలు పడి, నీరు తగ్గి, లోపల తేనెలా పాకం కడుతుంది. అప్పుడు పిండితే ఆ ఇంటి పేరు నిలబెట్టే తియ్యటి వైన్ వస్తుంది. తొందరపడితే పులుపు, ఆలస్యం చేస్తే మంచుపాలు. కోత రోజు ఏదన్నది నిర్ణయించేది ఇంట్లో మనుషులు కాదు, ఎలుగుబంటి. అన్నిటికన్నా పైనున్న వరస దాని వాటా. కాయలో రవ్వంత పులుపున్నా అది ముట్టదట. అది వచ్చి ఆ వరస మీద పడిందంటే మర్నాడే కోత. వాల్టర్ కూతురు తీపి కొలిచే మీటరు ఒకటి పట్టుకుని తిరుగుతుంది గానీ, ఆ మీటరు మాట ముసలాయన చెవికెక్కదు.

పై వరసలో గుత్తులు మాయమైన మాట నిజమే. మాయం చేసింది ఈ దేశానికి చదువుకోడానికొచ్చిన అమలాపురం అమ్మాయి చంద్రిక.

పాపం, ఆ పిల్ల తప్పు కూడా కాదు, కార్తీకమాసం తప్పు. సోమవారం ఉపవాసం మానొద్దని, కావాలంటే పళ్ళు తినొచ్చని అమ్మ ఫోనులో సడలింపు ఇచ్చింది. మధ్యాహ్నం వాల్టర్ అందరికీ పోసే వేడి సూప్ వద్దని, ఎందుకు వద్దో ఆయనకి విడమరచి చెప్పి, చంద్రిక పై వరసలోకి వెళ్ళి కూర్చునేది. అమ్మకానికి లేని కాయలు, అడవి జంతువు వాటా. అందులోంచి ఆకలేసిన ఆడపిల్ల కాసిని తింటే ఎవరి సొమ్ము పోయింది అనుకుంది. ఎలుగుబంటికి అంత పెద్ద ఉద్యోగం ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం కారులో కొండ దిగుతూ క్లాస్‌మేట్ హేమచంద్రకి అంతా చెప్పేసింది. అతనిది కరీంనగర్. ఈ పని ఇద్దరికీ ఇప్పించింది అతనే. ఊళ్ళో కాఫీ కొట్టు ముందు కూడా మన పిల్లలు రెజ్యూమేలు పట్టుకుని లైన్లో నిలబడుతున్న రోజులవి.

"నువ్వు నోరు తెరవకు" అన్నాడతను. "తెరిస్తే ఇద్దరి జాబ్ పోతది. ఇంటిదొంగను ఈశ్వరుడే పట్టలేడంటరు, ఈ తాతేం పడతడు?"

"ఈశ్వరుడి కోసం ఉపవాసం ఉండే కదా ఇదంతా వచ్చింది" అంది చంద్రిక.

చుక్క కనపడ్డాక కూడా ఆమెకి అన్నం సహించలేదు. ఆ ముసలాయన మంచివాడు కావడమే వచ్చిన చిక్కు. మొదటి రోజు చేతులు కొంకర్లు పోతుంటే తన గ్లవ్స్ ఊడదీసి ఇచ్చిన మనిషి. తన ఆకలిని నమ్మి ఆయన ఏడాది పంటని పచ్చిగా కోసేస్తే, ఆ పాపం ఎన్ని కార్తీకాలు చేసినా పోదు.

పొద్దున్న అందరూ బుట్టలతో వరసల దగ్గర నిలబడ్డారు. వాల్టర్ మొదటి గుత్తి మీద కత్తెర పెట్టబోతుంటే చంద్రిక ఎదురెళ్ళి నిలబడింది. వెనకనుంచి హేమచంద్ర దగ్గుతూనే ఉన్నాడు.

"సర్, కోయకండి. అది ఎలుగుబంటి కాదు. నేను."

వాల్టర్ తన కూతురి వైపు ఒకసారి చూశాడు. ఆవిడ అవతల మీటరు తుడుచుకుంటోంది. ఆయన పై వరస కేసి నడిచాడు. చంద్రిక తేలు కుట్టిన దొంగలా వెనకే వెళ్ళింది. అక్కడ ఆమె తిని వరసగా పేర్చిపెట్టిన ద్రాక్షకాడల ముందు ఆయన ఆగాడు. ఉద్యోగం పోయిందనే అనుకుంది ఆమె.

"ఎలుగుబంటి కాడలు ఇలా సర్ది పెట్టదు" అన్నాడాయన నెమ్మదిగా. "లోయలో ఇళ్ళు లేచాక అది ఇటు రావడమే మానేసింది. అప్పట్నుంచీ నేనే రుచి చూసి, దాని పేరు చెబుతున్నా. కోవిడ్ వచ్చి పోయాక నా నాలుక్కి తీపీ తెలియదు, పులుపూ తెలియదు. ఆ సంగతి మా అమ్మాయికి తెలిస్తే ఇక ఈ తోటలో మీటరుదే రాజ్యం."

చంద్రిక వంగి ఆ కాడల్ని ఏరబోయింది.

"వంటింటి కిటికీలోంచి నిన్నే చూస్తున్నా. మొదటి సోమవారం ఒక్క కాయ నోట్లో వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నావు. ఆ తర్వాతి వారం అర గుత్తి తిన్నావు. నిన్న మాత్రం బ్రేక్ అయిపోయి అందరూ పిలుస్తున్నా లేవలేదు. అప్పుడే కోత ఖాయం చేశాను."

కత్తెర ఆమె చేతికిచ్చి, మొదటి గుత్తి నువ్వే కొయ్యమన్నాడు. ఆమె కోసింది. ఆయన బుట్ట పట్టుకుని, కూతురు దూరంగానే ఉందని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"వారానికి ఒక్క రోజు నాకు సరిపోవడం లేదు. మీవాళ్ళలో ఇంకో రోజు కూడా ఉపవాసం ఉండమనే దేవుడెవరైనా ఉన్నాడా?"