కౌజుల చేను

ఏకాంబరం చేలో కౌజు పిట్టల్ని దొంగతనంగా పట్టాలని ధనంజయ తీర్మానించుకున్నాడు. కారణం మీసం.

ఆషాఢంలో టీ అంగడి దగ్గర అతని బావమరిది యోగానంద నలుగురిలో నవ్వాడు. వేటగాడినని చెప్పుకోవడమే గాని ధనంజయ ఇంట్లో ఇంతవరకూ పిట్ట ఈక రాలింది లేదన్నాడు. ధనంజయ మీసం మీద చెయ్యి వేశాడు. దసరా పోయాక వచ్చే ఆదివారం తన మనవరాలికి చెవులు కుట్టే విందులో బావమరిది ఆకులో కౌజు పులుసు పడకపోతే ఆ మీసం తీసేస్తానన్నాడు.

"కొండకు పోయి గుండుతోబాటు తీయించుకుంటే ఒప్పుకోను బావా," అన్నాడు యోగానంద. "మీసం ఒకటే పోవాల. తల అట్లే ఉండాల."

ఆ సంగతి సాయంత్రానికి సత్యవేడు దాకా పాకింది.

మరుసటి వారం ఏకాంబరం తన ఎకరా నేలలో సజ్జ, కొర్ర కలిపి చల్లాడు. ఇది కోతకు కాదనీ, పోయిన భార్య రాఘవమ్మ పేరు మీద కౌజులకు వదిలేస్తున్నాననీ టీ అంగడిలో చెప్పాడు. ఆమె బతికున్నప్పుడు కాకికి మెతుకు వేసినా ఆమెను కసిరిన మనిషి అతను. అయినా విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. చచ్చినవాళ్ల పేరు చెబితే ఊరు ఏదైనా నమ్ముతుంది.

అడవి పందుల్ని తరమడానికి అక్కడ ప్రతి చేలోనూ ఒక అరుపుల డబ్బా ఉంటుంది. రికార్డు చేసి పెట్టిన కేకల్నే అది రోజంతా అరుస్తుంది. ధనంజయ చేలో డబ్బాకు అతని భార్య మునిరత్నమ్మ గొంతు ఎక్కించారు. అప్పటినుంచి పందులే కాదు, ధనంజయ కూడా అటు పోవడం తగ్గించాడు. ఏకాంబరం చేలో మాత్రం కేకలు వినపడలేదు. పిట్టలు బెదురుతాయి గదా.

పైరు మోకాలెత్తు లేచేసరికి చేను నడుమ నుంచి కౌజు కూత మొదలైంది. కిట్టీ, కిట్టీ, కిట్టీ. గట్టు మీద నిలబడి విన్న ధనంజయ చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. కౌజును పడితే అటవీశాఖ కేసు పెడుతుంది. అందుకే అతను ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఏకాంబరం టీ అంగడిలో దిగులుగా కూర్చున్నాడు.

"కౌజుకు పైన నీడ ఉండాల, కింద నేల తేటగా ఉండాల. కలుపు అడ్డం పడితే పరిగెత్తలేదు, ఇంకో చేనికి పోతాది. మనుషులంతా శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సులెక్కి పోతావుండారు. నా మోకాళ్లు సూస్తే వంగవు. ఇంగ ఆ కలుపు తీసేదెవరబ్బా?"

ఆరోజు నుంచి రోజూ పదిగంటల బస్సుకు మోకాళ్ల వైద్యానికి సత్యవేడు పోసాగాడు ఏకాంబరం. పదీ పదికి ధనంజయ చేలో దిగాడు. అయిదు రోజుల్లో కలుపంతా పీకేశాడు. నడుమ మంచమంత జాగా మాత్రం ముట్టలేదు. అక్కడ మనిషి అడుగుపడితే కౌజులు మళ్లీ ఆ చేను తొక్కవని ఏకాంబరమే చెప్పాడు.

తర్వాత మేకలు పడుతున్నాయని ఏకాంబరం బాధపడ్డాడు. ధనంజయ కంప కొట్టి చుట్టూ కంచె వేశాడు. వాన లేక పిట్టలు దప్పికతో చస్తాయన్నాడు ఏకాంబరం. ధనంజయ తన బోరు నీళ్లు మళ్లించాడు. అతని సొంత వేరుసెనగ ఎండింది. రోజూ యాడికి పోతావుండావని మునిరత్నమ్మ నిలదీస్తే దేవుడి పని అన్నాడు.

గింజ గట్టిపడ్డాకే కౌజుకు కొవ్వు పడుతుందని ఏకాంబరం ఒకరోజు ఎవరితోనో అన్నాడు. ధనంజయ వల వెయ్యకుండా ఆగాడు.

విందుకు ముందురోజు, పదీ పదికి, వల సంచిలో పెట్టుకుని వచ్చాడు. చేను లేదు. కోత మిషన్ రోడ్డెక్కుతోంది. ట్రాక్టర్లో మూటలు. ఏకాంబరం ఆరోజు బస్సెక్కలేదు. వంగి చివరి మూట ఎత్తి పైకి విసిరాడు.

"కొయ్యనంటివి గదన్నా," అన్నాడు ధనంజయ. "కౌజులు యాడబోయినాయి?"

ఏకాంబరం వల సంచిని ఒకసారి చూశాడు. అదేమిటని అడగలేదు. కోసిన నేల నడుమ మంచమంత కలుపు మిగిలి ఉంది. కూత అందులోంచి ఇంకా వస్తూనే ఉంది. కిట్టీ, కిట్టీ, కిట్టీ. ఏకాంబరం చకచకా అక్కడికి నడిచి, కలుపులో చెయ్యి పెట్టి, అరుపుల డబ్బా పైకి తీసి మీట నొక్కాడు. కూత ఆగిపోయింది.

"నా మామిడి తోటలో పాదులు తవ్వాల ధనంజయా. ఈతూరి అడవికోడి కూత పెట్టేదా?"