ముక్కు మాస్టారి గుట్టు

"ఎలా ఉంది మాస్టారూ?" అంటూ వదిన సెంటులో ముంచిన కాగితపు పట్టీని ఆయన ముందు పెట్టింది.

ముక్కు మాస్టారు కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చారు. ఆ తర్వాత ఒక కన్ను కొంచెం తెరిచి వదిన మొహంలోకి చూశారు. ఆవిడ కనుబొమలు ముడిపడి ఉన్నాయి.

"ఘాటెక్కువైంది. తగ్గించండి," అన్నారు.

"నేనూ అదే అనుకున్నా. మీ ముక్కుకి తిరుగులేదు," అని ఆవిడ గబగబా వెళ్ళి కిటికీ తెరిచింది.

మాస్టారు లోలోపల ఊపిరి పీల్చుకున్నారు. గండం గడిచింది. ఆ సబ్బుల ఫ్యాక్టరీలో ఏ సబ్బుకి ఏ వాసన ఉండాలో తేల్చేది ఆయన. సెంటు నూనెలు కలిపేది ఆవిడ. ఆవిడ చిన్నాపెద్దా అందరికీ వదినే. ఇక మాస్టారి ముక్కు సంగతంటారా, గేటు దాటుతూనే వాచ్‌మన్ పొద్దున ఏం తిని వచ్చాడో చెప్పేసేవారు. అలాంటి ముక్కు ఆమధ్య వచ్చిన వైరల్ జ్వరంతో చచ్చిపోయింది. గులాబీ అయినా గ్రీజు అయినా ఇప్పుడు ఆయనకి ఒకటే. ఈ సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుంది, దానికంటే ముందు పరువు పోతుంది. అందుకని కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. వదిన మొహం చూస్తూ, నోటికొచ్చిన నాలుగు ముక్కలు అంటూ నెట్టుకొస్తున్నారు. అదృష్టం కొద్దీ ఆవిడది అద్దం లాంటి మొహం.

ఆయన్ని బాధపెట్టేది ఇంకొకటి ఉంది. జ్వరం తగ్గి ఇన్నాళ్ళయినా జనానికి భయం తగ్గలేదు. ఆయన్ని చూస్తే వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేస్తాడు. క్యాంటీన్‌లో ఆయన కూర్చున్న బల్ల చూస్తుండగానే ఖాళీ అవుతుంది. ఇంట్లో భార్య సైతం అటు తిరిగి పడుకుంటోంది.

"నా జ్వరం ఎప్పుడో పోయింది. అంటుకోదు," అన్నారొకసారి ఉక్రోషంగా.

"జ్వరం గురించి కాదండీ. ఆ చిగుళ్ళ వాపు చూపించుకోమంటే వినరేం? పళ్ళ డాక్టరు ఏమన్నా మిమ్మల్ని కొరుకుతాడా?" అంది భార్య.

పైవరసలో కుడిపక్క పళ్ళు కదులుతున్న మాట నిజమే. ఎడమపక్కనే నమలడం అలవాటు చేసుకున్నారు. మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని మింగుతున్నారు. డాక్టరు దగ్గరికి వెళితే జ్వరం ఎప్పుడొచ్చింది, రుచి తెలుస్తోందా, వాసన తెలుస్తోందా అంటూ ఆరా తీస్తాడు. గుట్టు కాస్తా రట్టవుతుంది. పన్నుదేముంది, పోతే ఇంకోటి కట్టించుకోవచ్చు అనుకున్నారు.

కొత్త సబ్బుకి వాసన ఎంపిక చేసే రోజు రానే వచ్చింది. యజమాని పొడవాటి బల్లకి ఆ చివర కూర్చున్నాడు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. యజమాని కూడా భయపడుతున్నాడని మాస్టారికి మనసు చివుక్కుమంది. వదిన మాత్రం యజమాని కుర్చీ వెనక, మాస్టారికి సరిగ్గా ఎదురుగా నిలబడింది.

మొదటి పట్టీకి ఆవిడ పెదవి విరిచింది. "వద్దు," అన్నారు మాస్టారు. రెండోదానికి ఆవిడ మొహంలో ఏ భావమూ లేదు. "ఫరవాలేదు." మూడోదానికి ఆవిడ కళ్ళు అరమోడ్పులయ్యాయి.

"ఇదే సార్. దీన్ని మించింది దొరకదు."

"మీరు చెప్పాక ఇంకేముంది మాస్టారూ, ఖాయం చేద్దాం!" అన్నాడు యజమాని.

మాస్టారు గెలిచినంత సంబరంగా గ్లాసెడు మంచినీళ్ళు అందుకున్నారు. ఒక గుక్క తాగారో లేదో, నోట్లో ఏదో గట్టిగా తగిలింది. అరచేతిలోకి ఊశారు. పన్ను. దాని వేరుకి బూడిదరంగు ఎముక ముక్క అంటుకుని ఉంది. నెత్తుటి చుక్కయినా లేదు.

యజమాని కారు తీయించాడు. వదిన తోడు వచ్చింది. దారి పొడవునా కారు అద్దాలు దించే ఉన్నాయి.

పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూసి తల పట్టుకుంది. "ఇది పంటి జబ్బు కాదండీ. జ్వరం తర్వాత ఒంట్లో శక్తి తగ్గిపోయి పైదవడ ఎముకకి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. కొంతమేర ఎముక కుళ్ళింది. ఇవాళే పెద్దాసుపత్రిలో చేరండి. పాడైన ముక్క తీసేస్తే ప్రాణానికి భయం లేదు. ఇంకా నాన్చి ఉంటే కంటిదాకా పాకేది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

మాస్టారు బయట వరండాలో బెంచీ మీద కూలబడ్డారు. దాచడానికి ఇక ఓపిక లేదు.

"వదినా, మీకో నిజం చెప్పాలి. జ్వరం వచ్చినప్పటినుంచీ నాకు ఏ వాసనా తెలియట్లేదు. మీ మొహం చూసి చెప్పుకొస్తున్నా. డాక్టరు దగ్గరికి రాకపోవడానికీ అదే కారణం. దయచేసి సార్ చెవిన పడనివ్వకండి."

వదిన అదే బెంచీకి ఆ చివర కూర్చుంది.

"సార్‌కి తెలుసు మాస్టారూ. మీకు కనబడేలా నిలబడమని నాకు చెప్పింది ఆయనే. ఆ మొహాలన్నీ మీకోసమే పెట్టాను."

మాస్టారు నోరు తెరిచారు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. మీ ఇంట్లో కూడా తెలుసు. మీరు బాధపడతారని మొహమాటపడి ఊరుకున్నాం. మీ ప్రాణం మీదికి తెచ్చాం," అంది వదిన. ఆవిడ కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"నేను పెదవి విప్పలేదే! ఎలా తెలిసింది?"

వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"మీ నోటి కంపు మీకొక్కరికే తెలియలేదు మాస్టారూ."