ఆరు గంటల కూత

కొండల్లో పొగమంచు పుట్టడం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు వ్యూ పాయింట్ దగ్గర మంచు వదిలే యంత్రం గొట్టాలు విప్పి, లోయ నిండా మంచు నింపేది కాసులమ్మే. రోజూ పొద్దున్న ఆరింటికి ఆమె అంచున నిలబడి "కూ..." అంటే, కిందున్న ఊరి నుంచి వదిన చిలకమ్మ బదులు కూస్తుంది. కొండవాళ్లు ఒకరి క్షేమం ఒకరికి చెప్పుకునే పాత అలవాటది. టూరిస్టులు ఎగబడి వచ్చేది దాని కోసమే.

కొండచరియ విరిగిపడిందని ఊరి దారి మూసేసి నెల దాటింది. అప్పట్నుంచీ వదిన కూత చివర దగ్గు వినబడుతోంది. ఆమెకిద్దామని కాసులమ్మ పిప్పళ్లు కొంగున కట్టుకుని తిరుగుతోంది.

"ఒక్కసారి ఎల్లొచ్చేస్తాను బాబూ," అని ఈ పొద్దు కూడా బతిమాలింది.

సూపర్‌వైజర్ తవిటినాయుడు విసుక్కున్నాడు. "ఏటమ్మా నీ గోల? మీ వదిన రోజూ పలుకుతాంది కదా! ముందు గొట్టాలు ఇంకాస్త ఇప్పు. కింద ఏటీ కనబడకూడదు."

ఆమె విప్పింది. మంచు చిక్కబడింది. అంచుకు వెళ్లి నోరు తెరిచింది గానీ, కూయకుండా కొంగున ఉన్న పిప్పళ్ల ముడి పట్టుకుని నిలబడిపోయింది.

సరిగ్గా ఆరయింది. ఎవరూ పిలవకుండానే చిలకమ్మ లోయలోంచి బదులు కూసింది. చివర్లో, రోజూలాగే, దగ్గింది; ఆ వెనకే మంచులో ఎక్కడో స్పీకర్ గరగరమని ఆగింది.