కాపలావాడి తరఫున

టీవీ ఛానల్ ఆఫీసులో లిఫ్టు తలుపులు మూసుకుంటూ ఉంటే ఒక ముసలి చెయ్యి మధ్యలోకి వచ్చింది.

తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి.

"ఆ సీరియల్ రాస్తున్నది మీరేనామ్మా?"

రచయిత్రికి ఒళ్ళు మండింది. మొదటి ఎపిసోడ్‌కి ఇంకా పది రోజులే ఉంది. ప్రోమో వచ్చిన దగ్గర్నుంచి దారినపోయే ప్రతివాళ్ళూ సలహాలిచ్చేవాళ్ళే.

ముప్ఫై ఏళ్ళ కిందట ఇంటింటా చదివిన నవలని సీరియల్ చేస్తున్నారు మరి. వాళ్ళమ్మ దిండు కింద దాచుకుంటే దొంగతనంగా తీసి చదివి, వెక్కి వెక్కి ఏడ్చిన పిల్ల ఆమె. నవల రాసినాయన పోయి పదేళ్ళయింది. అడగడానికి ఆయన లేడు కాబట్టి అందరూ ఆమె మీద పడుతున్నారు.

"నేనే. హీరోయిన్ని చంపొద్దనేగా? కుదరదు."

"ఆ అమ్మాయి సంగతి కాదమ్మా. కాపలావాడి సంగతి."

లిఫ్టు పైకి కదిలింది.

అది నిజంగా జరిగిన కథే. బట్టల మిల్లు తగలబడింది. నవలలో కాపలావాడు షట్టర్‌కి బయటినుంచి తాళం వేసి పారిపోతాడు. లోపలున్న మేస్త్రీ ఇనప కడ్డీ దూర్చి తాళం ఊడగొట్టి, కాలుతున్న షట్టర్‌ని భుజం మీద ఎత్తి పట్టుకుని, పదకొండు మంది ఆడవాళ్ళని బయటికి పంపిస్తాడు. మేస్త్రీ మీద మనసు పారేసుకోని ఆడపిల్ల లేదు. కాపలావాణ్ణి తిట్టుకోని మనిషి లేడు.

"కాపలావాడికేమైంది?"

"వాడు పారిపోలేదమ్మా. తాళం వేయించింది యజమాని. వాడు లోపలే ఉన్నాడు. షట్టర్ ఎత్తి పట్టుకున్నది వాడే."

"మరి తర్వాత ఎక్కడికి పోయాడు? మళ్ళీ ఎవరికైనా కనిపించాడా?"

ముసలాయన లిఫ్టు నేలకేసి చూశాడు.

"షట్టర్ వదిలితేగానీ వాడు బయటికి రాలేడమ్మా. వదల్లేదు."

"పక్కనుండి చూసినట్టే చెబుతున్నారే!"

"పక్కనే ఉన్నాను."

లిఫ్టు ఆగింది. ఆమె దిగింది. ఆయనా వెనకే దిగి, వరండాలో ఆయాసపడుతూ నడిచాడు.

"వాడి భార్య ఇంకా బతికే ఉందమ్మా. నవల వచ్చినప్పుడు ఇరుగుపొరుగు మాటలు పడలేక మూడిళ్ళు మారింది. చివరికి చదవడం రానివాళ్ళ మధ్య ఎలాగో తలదాచుకుంది. ఇప్పుడు టీవీలో వస్తే ఏ ఇంటికి పోతుంది?"

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది.

ఆ షట్టర్ దగ్గరికి వచ్చిన మగవాళ్ళు ఇద్దరే. ఒకడు మేస్త్రీ, ఒకడు కాపలావాడు. మేస్త్రీ ఎందుకొచ్చి తన పేరు తనే చెడగొట్టుకుంటాడు?

"అర్థమైంది. ఆ కాపలావాడివి నువ్వే కదూ?"

మీరు కాస్తా నువ్వయింది.

ముసలాయన చేతులు జోడించాడు.

"అలాగే అనుకోండమ్మా. కానీ ఆ ఒక్క మాట మార్చండి."

"ముప్ఫై ఏళ్ళు ఏ కలుగులో దాక్కున్నావు? సిగ్గులేకపోతే సరి!"

సెక్యూరిటీ వచ్చి రెక్క పట్టుకున్నాడు. ముసలాయన విదిలించుకోలేదు. మెట్ల మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఆమె ఒక కొత్త సీన్ రాసింది. ముసలివాడైపోయిన కాపలావాడు వరండాలో చేతులు జోడించి, "ఆ ఒక్క మాట మార్చండి" అని బతిమాలుతాడు. జనం అతని మొహం మీద ఉమ్మేస్తారు.

ఛానల్ వాళ్ళు ఎగిరి గంతేశారు. వారం తిరిగేసరికి కొత్త ప్రోమో అదే.

మర్నాడు ఛానల్ మేనేజరు పొంగిపోతూ వచ్చాడు.

"మేడమ్, అసలు మేస్త్రీ బతికే ఉన్నాడట! అడ్రసు దొరికింది. ప్రారంభోత్సవానికి స్టేజీ మీద కూర్చోబెట్టి సన్మానం చేద్దాం. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. మీరూ రండి, మీరు పిలిస్తే కాదనడు."

ఆమె పట్టుచీర కట్టుకుంది. చిన్నప్పుడు తన నిద్ర చెడగొట్టిన మనిషిని చూడబోతోంది.

సందు చివర ఇరుకు ఇల్లు. గుమ్మం నిండా చెప్పులు. మేస్త్రీని సన్మానానికి పిలవడానికి సీరియల్ రచయిత్రి వచ్చారని గట్టిగా చెబుతూ మేనేజరు లోపలికి దారితీశాడు.

ముందుగదిలో చాప మీద మెడదాకా తెల్ల దుప్పటి కప్పి ఎవరినో పడుకోబెట్టారు. తలవైపు నడివయసు కూతురు కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"నిన్న బాగానే ఉన్నాడు," అంటోంది పక్కావిడతో. "టీవీలో ఆ కొత్త ప్రోమో వచ్చింది. నా మాటలే, నా మాటలే అంటూ లేచాడు. అంతే, అలాగే కూలిపోయాడు."

రచయిత్రి ఆ పడుకున్న మనిషి మొహం కేసి చూసింది.

లిఫ్టులో కనిపించిన ముసలాయన.

ఆమె మేనేజరు చెయ్యి పట్టి పక్కకి లాగింది.

"తప్పు ఇంటికి తీసుకొచ్చారు," అంది మేనేజరు చెవిలో. "ఇతను మేస్త్రీ కాదు. ఆ కాపలావాడు."

గుసగుసే అయినా ఆ చిన్న గదిలో అందరికీ వినపడింది.

కూతురు తలెత్తింది. ఆమె మొహంలో కోపం లేదు.

"ఇల్లు తప్పు కాదమ్మా," అంది మెల్లగా. "మీరు సన్మానం చేస్తామంటున్న మేస్త్రీ మా నాన్నే. షట్టర్ పట్టుకున్నది నేను కాదు మొర్రో అని ఎవరికి చెప్పినా, ఎంత వినయమో అని దండేసి పోతుంటే, ఈసారి నేనెవరో చెప్పకుండా అడిగి చూస్తానని మీ దగ్గరికొచ్చాడు."