గెలిచిన హీటర్

చలి ముదిరేసరికి పళ్ళ డాక్టరుకి తల్లి మోకాళ్ళ నొప్పులూ, కరెంటు బిల్లూ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"హీటర్ అంటే ఊరికే కొనేస్తామా? పరీక్షించి తీసుకోవాలి," అన్నాడు.

"పన్ను పీకేముందు కూడా మీరింత ఆలోచించరు," అంది భార్య.

మొదట ఫ్యాన్ హీటర్ వచ్చింది. పెట్టగానే గది వేడెక్కింది, ఆపగానే చల్లబడింది. పైగా దాని హోరులో ముసలావిడకి టీవీ వినపడలేదు. తర్వాత ఎర్రగా మండే రాడ్ల హీటర్ తెచ్చాడు. దాని ముందు కూర్చుంటే మొహం మాడింది, వీపు వణికింది.

"నన్నేమన్నా మొక్కజొన్న కంకి అనుకున్నావురా, తిప్పి తిప్పి కాల్చడానికి?" అంది తల్లి.

అలా వారం గడిచాక ఆయిల్ హీటర్ దిగింది. నిండుకుండలా చప్పుడు చెయ్యకుండా ఓ మూల కూర్చుంది. డాక్టరు మీటరు చూసి కళ్ళు నులుముకున్నాడు. కరెంటు సగం కూడా కాలలేదు! పొద్దస్తమానం దానంతటదే ఆగిపోతోంది. గది మాత్రం వెచ్చగానే ఉంటోంది.

"ఒరేయ్, అరికాళ్ళు కూడా వెచ్చగా ఉన్నాయిరా," అని తల్లి మేజోళ్ళు విప్పి అవతల పడేసింది. చాన్నాళ్ళకి గోడ పట్టుకోకుండా నడిచింది.

ఇక డాక్టరుని పట్టడం ఎవరి తరం? లిఫ్టులో దొరికినవాళ్ళకీ, నోరు తెరిచి పడుకుని కాదనలేని పేషెంట్లకీ ఆయిల్ హీటర్ మహిమ చెప్పాడు. "నూనెలో వేడి నిలవుంటుందండీ, అదీ కిటుకు!"

వారం తిరక్కుండానే అపార్ట్‌మెంటంతా పాత హీటర్లని పాతసామాన్లవాడికి ఇచ్చేసి, అదే రకం తెప్పించుకుంది. ఆదివారం పొద్దున వ్యాను గేటు ముందు ఆగింది. పెట్టెలు దించుకుని అందరూ డాక్టరుకి చప్పట్లు కొట్టారు. అతను భార్య వైపు తిరిగి మీసం మెలేశాడు.

"సరే, ఈసారికి ఒప్పుకున్నా," అంది ఆవిడ.

అంతలో, సరిగ్గా వాళ్ళ కింది వాటాలో ఉండే టీచరమ్మ ఊరినుంచి దిగింది. తాళం తీసి లోపలికెళ్ళింది. మరుక్షణమే చెమటలు కక్కుతూ బయటికి పరుగెత్తుకొచ్చింది.

"డాక్టరుగారూ, ఊరెళ్తూ హీటర్ ఆపడం మర్చిపోయానండీ, వారం నుంచీ మా ఇల్లు కొలిమిలా కాలుతోంది, ఆ సెగ పైన మీకేమైనా తగిలిందా?"