భయానికి మార్కులు

వంతెనలు గీసేదీ, కట్టేదీ, పరీక్షించేదీ యంత్రాలే అయ్యాక, వాటికి చేతకాని పని ఒక్కటే మిగిలింది. అది భయపడటం. ఇంజనీరింగు కాలేజీల్లో నాలుగేళ్ళూ ఇప్పుడు నేర్పేది అదే.

ఆఖరి ప్రాక్టికల్ రోజు ప్రసూన ఇడ్లీ ముట్టుకోలేదు.

"కాస్త ఎంగిలిపడి వెళ్ళవే," అంది తల్లి.

"కడుపు నిండితే భయం వెయ్యదమ్మా."

ఏటి మీద కొత్త వంతెన కింద ఆమెను నిలబెట్టి, పరీక్ష పెట్టే నాగభూషణం సారు ఆమె మణికట్టుకు పట్టీ కట్టాడు. గుండె దడదడలాడితే అది ఎర్రబడుతుంది, వంతెన మూసేస్తారు. లేకపోతే తెరిచేస్తారు.

పైన ఇసుక లారీలు బారులు తీరి కదిలాయి. నెత్తిన దుమ్ము రాలింది. ప్రసూనకు చీమ కుట్టినట్టయినా లేదు. పట్టీ పచ్చగానే ఉంది.

"ఇంకేం, రేపట్నుంచి స్కూలు బస్సులు వదిలేస్తారు," అన్నాడు సారు.

ప్రసూన పైకి చూసింది. వంతెన గట్టిదా, లేక ఇన్ని వంతెనల కింద నిలబడీ నిలబడీ తన గుండే మొద్దుబారిందా?

"మీరూ ఒకసారి పట్టీ కట్టుకుని చూడండి సార్."

"నాకెందుకమ్మా? నాకు భయం చచ్చిపోయి ఏళ్ళయింది. అందుకేగా పాఠాలు చెప్పుకుంటున్నా," అని హాయిగా నవ్వాడాయన.

అప్పుడు ఎర్రబడింది పట్టీ.