రాగి గాస్కెట్

అనంతగిరి ఘాటు మీద ఆగిపోయిన కారును ఎద్దులు కట్టి వికారాబాదు దాకా లాక్కొచ్చారు. మెకానిక్ యోబు షెడ్డులోకి తోసి బండివాళ్లు వెళ్లిపోయారు. నాలుగు రోజుల తర్వాత ఆ రోజే షెడ్డు తలుపు తెరిచాడు యోబు.

"నిన్నే చూడమనుడు నాకూ మంచిగనిపిస్తలేదు యోబూ," అన్నాడు పాండురంగం పటేలు. తాండూరులో నాపరాళ్ల వ్యాపారం ఆయనది. కారూ ఆయనదే. నిజాం జమానాలో కొన్నది. ఆ జమానా పోయి పదేళ్లు దాటినా దాన్ని వదల్లేదు. "గని ఈ ఇంజన్ సంగతి నీకెరుకైనంత ఇంకెవ్వరికీ ఎరుక లేదు. నువ్వేం జెప్తే గదే. తప్పు బీరన్నదైతే ఇయ్యాలనే ఠాణాల ఒప్పజెప్త."

"స్టేషన్ కాడ జర చాయ్ తాగి రాండ్రి పటేలా. చూసి చెప్త," అన్నాడు యోబు.

డ్రైవర్ బీరన్న కారు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి స్టీరింగ్ పట్టిన మొదటివాడు. కళ్లు లోపలికి పోయాయి.

"మొదటి సంది చెప్పు."

"పొద్దుగాల తాండూర్ల భాగమ్మక్కను ఎక్కిచ్చుకున్న. కాన్పు నొప్పులు. మంత్రసాని నాతోని కాదన్నది, వికారాబాదు దవాఖానకు కొంచవొమ్మన్నది. ధారూరు దాక బండి మంచిగనే ఉరికింది. ఘాటెక్కంగనే పొగలు లేచినయ్. ఇంజన్ గుంజలే. బంద్ జేసిన."

"పొగ ఎనక సైలెన్సర్ల కెల్లా, ముంగట బానెట్ల కెల్లా?"

"ముంగట."

"ఎంతసేపు ఆగినవ్?"

బీరన్న తల ఎత్తలేదు. "గాస్కెట్ పోయింది, ఇగ నడ్వదనుకున్న. ఎడ్లబండి కోసం ఉరికిన. దొరికిచ్చుకొని వచ్చేవరకు రెండు గంటలైంది. గప్పటికే అక్క పాణం పోయింది. కడుపుల పిల్ల గూడ."

"బయట కూసో," అన్నాడు యోబు. గొంతు మారలేదు.

హెడ్ గాస్కెట్ అంటే ఇంజన్‌కూ దాని మీది మూతకూ మధ్య ఉండే రాగి రేకు. అది చిట్లితే నీళ్లు నూనెలో కలుస్తాయి. యోబు నూనె కొలిచే కడ్డీ లాగి చూశాడు. నూనె నల్లగానే ఉంది. నీళ్లు కలిస్తే మజ్జిగలా తెల్లబారాలి. నాలుగు ప్లగ్గులూ విప్పాడు. ఒక్కదానికీ తడి లేదు. మళ్లీ బిగించి హ్యాండిల్ తిప్పాడు. నాలుగు సిలిండర్లూ ఒకే బలంతో చేతిని వెనక్కి నెట్టాయి. అంటే గాస్కెట్ చిట్లలేదు.

రేడియేటర్‌లో బిందెడు నీళ్లు పోశాడు. కింద బండల మీద చుక్కలు పడ్డాయి. వంగి చూశాడు. నీళ్లు వదిలే ఇత్తడి నల్లా పూర్తిగా బిగించి లేదు. బయలుదేరే ముందురోజు బీరన్న రేడియేటర్ కడిగి దాన్ని సగమే తిప్పి వదిలేసి ఉంటాడు. దారి పొడుగునా నీళ్లు కారిపోయాయి.

అంతే. ఇంజన్ చల్లారడానికి కాసేపు, నల్లాకు ఒక తిప్పు, బిందెడు నీళ్లు. కారు ఘాటెక్కేది. మూసీ పుట్టే కొండ అది. నీళ్లకు కరువు లేదు.

యోబు చాలాసేపు ఆ నల్లా మీద చెయ్యి ఉంచాడు. ఇత్తడి చల్లదనం కూడా చేతికి తెలియలేదు.

తర్వాత నీళ్లన్నీ వదిలేశాడు. నట్లు ఒక్కొక్కటీ విప్పి ఇంజన్ మూత ఎత్తాడు. రాగి రేకు నిక్షేపంలా ఉంది. దాన్ని తీసి బండ మీద పెట్టి, ఉలితో రెండు రంధ్రాల నడుమ తెగ్గొట్టాడు. తెగిన అంచుకు మసి పూశాడు.

పాండురంగం వచ్చాక రేకు ఆయన చేతికిచ్చాడు.

"గాస్కెట్ పోయింది పటేలా. పాతది. ఎవరు నడిపినా గాడ్నే ఆగుతుండె."

"అంటే వీని తప్పు లేదంటవా?"

"లేదు."

పాండురంగం రేకును అటూ ఇటూ తిప్పి చూశాడు. యోబు ముఖం చూశాడు. ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయాడు.

బీరన్న గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "నిజంగనేనా మేస్త్రీ? నీళ్లు గిట్ల పోస్తే నడుస్తుండెనేమో అని నాకు నిద్ర వడ్తలేదు."

"నడ్వకపోతుండె. ఇంటికి పో బీరన్నా. ఇంత బువ్వ తిను."

బీరన్న గోడకు తల ఆనించి ఏడ్చాడు. యోబు అతను ఏడ్చినంతసేపూ పక్కన నిలబడ్డాడు. అతన్ని పంపించి, పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దాడు.

కిరోసిన్‌తో చేతులు కడుక్కుని, షెడ్డుకు తాళం వేసి, చర్చి వెనక మట్టి ఇంకా ఆరని సమాధి దగ్గరికి, తన ఒక్కగానొక్క బిడ్డ భాగమ్మ దగ్గరికి నడిచాడు.